అక్క కంటే పెద్దదైన చెల్లెలు

“వంగను. చచ్చినా వంగను. దాని ముందు నేను మోకాళ్ళ మీద కూర్చోవాలా? దాని ముక్కు తుడిచినదాన్ని నేను!”

తైవో అక్క మంచం మీద బాసింపట్టు వేసుకుని, గోడకేసి చూస్తూ ఈ మాట అంది. చూపు గోడ మీదున్నా మాట నాకే.

“ఎప్పుడు తుడిచావు? నాకు పదిహేనేళ్ళప్పుడు నౌకెక్కి పోయావు. పదిహేనేళ్ళ దానికి ముక్కు తుడిచేదెవరు?”

“అంతకు ముందు తుడిచాను.”

“అంతకు ముందు అక్కవి. ఇప్పుడు నాకు ఇరవై ఒకటి, నీకు ఇరవై. ఎవరు పెద్దో నువ్వే చెప్పు.”

“చెప్పను.”

నిన్నటి నుంచి ఇంట్లో ఇదే రభస. కాసేపట్లో దోతున్ వాళ్ళు నన్ను పెళ్ళికి అడగడానికి వస్తారు. వంటింట్లో అమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా ఉడికిన యామ్ దుంపల్ని రోట్లో వేసి దంచుతోంది. మా అమ్మకి కోపం వస్తే నోరు మూసుకుంటుంది, రోకలి మాట్లాడుతుంది. నాన్న కుర్చీలు తెస్తానని పొద్దున్నే బయటపడ్డాడు. ఆయన తెలివే తెలివి.

నన్నడిగితే తప్పంతా నౌకది. వచ్చే ఏడు దిగాల్సింది ముందే దిగి కూర్చుంది. అంత వేగంగా పోయే నౌకలో కాలం నిదానంగా నడుస్తుందని బడిలో మేమందరం చదువుకున్నాం. చదువుకోవడం వేరు, అక్క ఇంటికొచ్చి పక్కన నిలబడి మనకంటే చిన్నగా కనబడటం వేరు. ఆకాశంలో తను ఒక్క ఏడాది గడిపి వచ్చేసరికి మాకిక్కడ ఆరేళ్ళు అయిపోయాయి. వెళ్ళేటప్పుడు కొనుక్కున్న చెప్పులు తన కాళ్ళకి ఇంకా కొత్తగానే ఉన్నాయి. నేను ఆ చెప్పుల్లాంటివి ఎన్ని అరగదీశానో నాకే తెలియదు.

వయసులో తేడా కొలవాలి కాబట్టి కవలల్లో ఒకరు పైకి, ఒకరు కిందే అన్నారు నౌకవాళ్ళు. మిగతా ఊళ్ళలో ఎవరు వెళ్ళాలో తేల్చడానికి చీట్లు వేశారట. మా ఊరు ఇగ్బో-ఓరాలో ఆ గోలే లేదు. కడుపులోంచి ముందు వచ్చేది తైవో, తర్వాత వచ్చేది కెహిందే. తర్వాత వచ్చింది కాబట్టే కెహిందే పెద్దది. లోకం ఎలా ఉందో రుచి చూసి రాపో అని చెల్లెల్ని ముందు తోసి, తను తీరిగ్గా వచ్చింది. తోసేవాళ్ళే కదా పెద్దవాళ్ళు! కనుక ఆకాశం రుచి చూడటానికి కూడా తైవోయే వెళ్ళింది. కెహిందే అక్క ఇక్కడే ఉండి, పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కంది.

ఆ తర్వాత పుట్టినదాన్ని నేను, ఇదోవు. కవలల తర్వాత పుట్టిన ఇదోవులు మొండిఘటాలని మా ఊళ్ళో గట్టి నమ్మకం. ఊరి నమ్మకాన్ని వమ్ము చేయడం నాకిష్టం ఉండదు.

మా కొంపకి చిచ్చు పెట్టింది మాత్రం నాయనమ్మ తీర్పు. పెళ్ళికాని పెద్దపిల్ల ఇంట్లో ఉండగా చిన్నపిల్ల గడప దాటదంది. తైవో ఆకాశంలో ఉన్నంతకాలం ఇంట్లో లేనట్టే అనుకుని నా సంబంధానికి సరేనంది. ఇప్పుడు తైవో దిగింది, లెక్క మారింది. నేను ఏడ్చాను, అరిచాను, ఒక పూట అన్నం మానేశాను. చివరికి నాయనమ్మ ఒక దారి చూపించింది.

“నువ్వే పెద్దదానివని కదా నీ గోల? అయితే తైవోని వచ్చినవాళ్ళందరి ముందూ నీకు మోకాళ్ళ మీద దండం పెట్టనీ. ఊరంతా చూడనీ. అప్పుడు నువ్వే అక్కవి, నీ పెళ్ళికి నేనే ముందు గెంతుతాను. తను వంగనంటే మాత్రం, వాళ్ళు తెచ్చిన దుంపలు వాళ్ళే మోసుకుపోతారు.”

అదీ సంగతి. నా పెళ్ళి ఇప్పుడు తైవో అక్క మోకాళ్ళలో ఉంది. ఆ మోకాళ్ళేమో మంచం మీద మడతపడి కదలనంటున్నాయి.

కెహిందే అక్క వీపున చంటిదాన్ని కట్టుకుని, చేతిలో తలగుడ్డలు పట్టుకుని లోపలికొచ్చింది.

“మీ ఇద్దరి గొంతులూ వీధిలోకి వినబడుతున్నాయి. కుర్చీలు వేసే కుర్రాళ్ళు పందేలు కాస్తున్నారు.”

“నా మీద ఎవరు కాశారు?” అన్నాను.

“ఎవరూ కాయలేదు. నాన్న కూడా తైవో మీదే కాశాడు.”

తైవో అక్క గోడ వైపు తిరిగే నవ్వింది. భుజాలు ఊగాయి. నాకు ఒళ్ళు మండింది.

“నువ్వైనా చెప్పు కెహిందే అక్కా. నువ్వు దీనికి పెద్దదానివి కదా, నువ్వు చెబితే వినాలి కదా!”

కెహిందే మంచం చివర కూర్చుని తైవో ముఖంలోకి చూసింది. ఈ వారంలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. ఒకప్పుడు వీళ్ళలో ఎవరు ఎవరో అమ్మ కూడా పొరబడేది. ఇప్పుడు సంతలో కొత్తవాళ్ళు కెహిందేని చూపించి, మీ పెద్దక్కా అని తైవోని అడుగుతున్నారు.

“నేనేం చెప్పను? పోయేటప్పుడు నా ముఖమే పట్టుకుపోయావే తైవో. జాగ్రత్తగానే తిరిగి తెచ్చావు. ఇప్పుడది నాకు పట్టడం లేదు.”

అని తనే నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. చంటిది తైవో అక్క జడ పట్టుకు లాగింది. ఎవరూ విడిపించలేదు.

తైవో నావైపు తిరిగింది.

“నాకు పొగరనుకుంటున్నావు కదూ? పొగరు కాదే. వంగితే నేను నిజంగా ఇరవయ్యేళ్ళ పిల్లనే. అప్పుడు ఆ ఆరేళ్ళూ నిజంగా పోయినట్టే. కెహిందే పెళ్ళి నేను చూడలేదు. తాతయ్య పోతే లేను. వచ్చేసరికి నా గది కూడా దీని పిల్లల ఉయ్యాలలకి ఇచ్చేశారు. నీకు అక్కని అన్నదొక్కటీ నాకు మిగిలింది. అదీ తీసుకుంటావా?”

వంటింట్లో రోకలి చప్పుడు ఆగిపోయింది, అమ్మ వింటోందన్నమాట.

“పోనీ, నువ్వే ఎవరినైనా చేసుకో. నాకడ్డం తప్పుతుంది,” అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

“ఎవర్ని? నాతో చదివినవాళ్ళ పిల్లలు బడికెళ్తున్నారు.”

ఒక పేరు మా ఇద్దరి మధ్యా మంచం మీద కూర్చున్నట్టే ఉంది. తను అనదు. నేను అనకూడదు.

కున్లే. దోతున్ వాళ్ళన్న. నౌకెక్కక ముందు తైవోకీ అతనికీ నడిచిన కథ మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు, ఎందుకంటే ఇటు కబుర్లు అటు మోసింది నేను. అటు కబుర్లు ఇటు మోసినవాడు దోతున్. కాలవ గట్టు మీద కలుసుకుని, మా అక్క ఇలా అంది, మా అన్న అలా అన్నాడు అని అప్పజెప్పుకునేవాళ్ళం. వాళ్ళ కబుర్లు మోస్తూ మోస్తూ ఉండగానే మా కబుర్లు మొదలయ్యాయి. వెళ్ళే రోజున మాత్రం తైవో నాతో చెప్పించిన మాట ఒక్కటే. “నా కోసం ఆగొద్దను.”

అతను ఆగాడు. ఆరేళ్ళూ ఆగాడు. నౌక దిగిందని తెలిసిన రోజున మా వీధి మలుపు దాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు నన్ను పిలిపించి ఒట్టు వేయించుకున్నాడు.

“తనడిగితే చెప్పు ఇదోవూ. అడక్కపోతే చెప్పొద్దు. తను మనసిచ్చింది ఇరవయ్యేళ్ళ కుర్రాడికి. నాకిప్పుడు ఇరవయ్యారు, గడ్డం కూడా వచ్చింది. నేనాగానని జాలిపడి ఎవరూ నా ఇంటికి రాకూడదు.”

తరతరాలుగా డోళ్ళు వాయించే ఈ అయాన్ వంశం వాళ్ళకి డోలుతో అయితే లోకంలో ఉన్నదంతా చెప్పడం వచ్చు. నోటితో రెండు మాటలు చెప్పమంటే మాత్రం చెమటలు పడతాయి.

“నాకు పెళ్ళీ గిళ్ళీ వద్దులే,” అంది తైవో, జడ విడిపించుకుంటూ. “పైన ఉన్నప్పుడు నాకు తోడున్నది డోలు ఒక్కటే. అదే చాలనిపించేది.”

“ఏ డోలు?” అంది కెహిందే.

“నౌకకి కబుర్లందించే మన ఊరి స్టేషన్ నుంచి వారం వారం డోలు మీద పంపేవాళ్ళు కదా. మనుషుల గొంతు అంత దూరం వచ్చేసరికి ఎద్దు రంకెలా సాగిపోయేది, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. డోలు మాట మాత్రం ఎంత సాగినా మాటలాగే ఉండేది. మన మాటల ఎత్తుపల్లాల్నే కదా డోలు పలికేది, అవి చెడవు. వెళ్ళేటప్పుడు ఒక దెబ్బ విని, ఒక ముద్ద తిని, ఇంకో దెబ్బ వినేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు వడగళ్ళవానలా పడేది, నవ్వొచ్చేది. మిషను దాన్ని అక్షరాల్లోకి మార్చి తెర మీద చూపిస్తే అందరూ చదువుకునేవాళ్ళు. నేనొక్కదాన్నే చెవి పెట్టి వినేదాన్ని. ఆ వాయించేవాడెవడో కానీ ఒక్క వారం మానలేదు.”

కెహిందే నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. నాలుక కొస దాకా వచ్చిన పేరుని మింగడానికి నేను పడ్డ అవస్థ ఆ దేవుడికి తెలుసు.

“వాడెవడో అడిగావా ఎప్పుడైనా?” అన్నాను మెల్లగా.

“స్టేషన్ డోలు మనిషి అన్నారు. అంతే.”

“పేరు అడగలేదా?”

“పేరు తెలిస్తే ఏం చేస్తాను? దిగాక వెళ్ళి దండం పెట్టనా?”

అంతలో వీధి మొదట్లో డోళ్ళు మోగాయి.

చంటిది కేరింత కొట్టింది. వంటింట్లోంచి అమ్మ, “వచ్చేశారు! ఇలాసా కూర ఇంకా దించనే లేదు!” అని కేకేసింది. నిన్నటి నుంచి అమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. కెహిందే గబగబా నా నెత్తిన తలగుడ్డ చుట్టడం మొదలెట్టింది.

డోళ్ళవాళ్ళ ఇంటి పెళ్ళిచూపులంటే మాటలా! ముందు డోళ్ళు నాయనమ్మని పొగిడాయి, ఆవిడ దంతాలున్న రోజుల దగ్గర్నుంచి. తర్వాత నాన్నని, ఆయన తెచ్చిన కుర్చీలతో సహా. తర్వాత నన్ను ఎత్తుకున్నాయి. కవలల వెనకాలే వచ్చి ఇల్లంతా తనదే అన్న మొండిదాన్ని మాకివ్వండి అన్నాయి. వీధి వీధంతా ఘొల్లున నవ్వింది.

అప్పుడు మిగతా డోళ్ళన్నీ ఆగి, ఒక్కటే మోగింది.

“ముందు వచ్చినదానా, లోకం రుచి చూడటానికి పోయినదానా, తీపిగా ఉందా?”

ఆ ప్రశ్న చివర వేలి కొసతో ఒక చిన్న దెబ్బ. అది ఏ మాటా కాదు. వాయించేవాడి అలవాటు.

తైవో అక్క మంచం మీద నుంచి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. కిటికీ దగ్గరుంది. రెండు చేతులతో ఊచలు పట్టుకుంది.

“ఆ చివరి దెబ్బ,” అంది. “అది నాకు తెలుసు. పైన వినేటప్పుడు ప్రతి వారం వచ్చేది. దూరానికి వచ్చే ప్రతిధ్వని అనుకున్నాను.”

నేను తలగుడ్డ సర్దుకున్నాను. ఒట్టు ఒట్టే.

“ఇదోవూ. ఎవరది?”

“మా కాబోయే బావగారు.”

“ఆటలాడకు. కున్లేయేనా?”

“కున్లేయే.”

“స్టేషన్‌లో వాయించింది...”

“అతనే. దెబ్బ తగిలి చెయ్యి వాచిన వారం కూడా ఎడమ చేత్తో వాయించాడు.”

తైవో ఊచల మధ్యనుంచి బయటికే చూస్తోంది. అడగాల్సిన మాట అడగడానికి భయపడుతోందని నాకు తెలుస్తోంది. నా లోపల మాత్రం ఉడుకుతున్న గిన్నె మీద మూతలా ఎగిరెగిరి పడుతోంది. అడగవే తల్లీ, అడుగు!

“వాళ్ళావిడ రాలేదా?” అంది ఎట్టకేలకు.

“ఉంటే కదా రావడానికి!” అని అరిచేశాను. ఎంత గట్టిగా అరిచానంటే వీధిలో డోలు కూడా ఒక్క క్షణం తడబడింది. “ఎవరినీ చేసుకోలేదు. తమ్ముణ్ణి ముందు చేసుకోమని తనే అన్నాడు, తనకెలాగూ పెళ్ళి లేదని. అడిగావు కాబట్టి చెప్పాను. నువ్వడిగితేనే చెప్పాలని ఆరేళ్ళు ఆగిన ఆ ముసలాడి ఒట్టు!”

కెహిందే అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తైవో కిటికీ కింద నేల మీద చతికిలబడి, మోకాళ్ళలో ముఖం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

“ఇదోవూ!” అని వాకిట్లోంచి నాయనమ్మ పిలిచింది. “వచ్చి కూర్చో. తైవోని కూడా తీసుకురా.”

*

వాకిట్లో ఎర్రమట్టి మీద నీళ్ళు చల్లారు. ఒక పక్క మా వాళ్ళు, ఒక పక్క వాళ్ళు. మధ్యలో గుట్టగా దుంపలు, పామాయిల్ డబ్బాలు, కోలా గింజల పళ్ళెం. నాయనమ్మ పెద్ద కుర్చీలో ఆనుకుని కూర్చుంది. పక్కనే నాన్న, పందెం కాసిన మనిషిలా నావైపు చూడకుండా కూర్చున్నాడు.

దోతున్ నీలం అంగీలో మెరిసిపోతున్నాడు. నన్ను చూడగానే నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇప్పటికీ కాలవ గట్టు మీద కాళ్ళు తేలిపోయినట్టుంటుంది. ఈ మనిషిని ఇంటికి పంపేస్తే నేనేమైపోతాను?

నాయనమ్మ చెయ్యి ఊపింది. దోతున్, వాడి స్నేహితులు, వాళ్ళన్న, అందరూ వరసగా మట్టిలో బోర్లా సాగిలపడ్డారు. మా పద్ధతి ఇంతే, మాకు పిల్లనివ్వండి అనడానికి ముందు మగవాళ్ళు నేలకి ముక్కు ఆనించాలి. పెద్దవాళ్ళు లెమ్మనేదాకా లేవకూడదు.

“బాగానే సాగిలపడ్డారు,” అంది నాయనమ్మ. “కానీ మా ఇంట్లో ఒక చిక్కుంది. పిల్లని ఇచ్చే ముందు ఆ చిక్కు తేలాలి. తైవో, ఇలా రా.”

తైవో గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కున్లే నేల మీద ఉన్నాడు, తల ఎత్తలేదు. వీపు మాత్రం ఊపిరికి ఎగిసిపడుతోంది. అతను వచ్చినప్పటి నుంచి అక్క ఉన్న వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అంత పట్టుదలగా చూడకపోవడం చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది.

“మీ చెల్లెలు తనే పెద్దదానినంటోంది. ఒప్పుకుంటే వెళ్ళి దాని ముందు కూర్చో. లేదంటే ఈ వచ్చినవాళ్ళకి భోజనం పెట్టి పంపేస్తాను.”

అందరి కళ్ళూ తైవో మోకాళ్ళ మీదే. నిన్నటి నుంచి నేను కోరుకున్నది ఇదే. ఇంకో నాలుగడుగులు వేసి తను కూర్చుంటే నాకు పెళ్ళి. తైవో అడుగు వేసింది. తన ముఖంలోకి చూశాను. నా ముక్కు తుడిచిన అక్క ముఖం. నేను పడితే ముందు నన్ను కొట్టి, తర్వాత ఎత్తుకున్న ముఖం. నా వల్ల కాలేదు.

“వద్దు నాయనమ్మా!” అన్నాను. “అక్కని కూర్చోబెట్టకు. వాళ్ళు వెళ్తే వెళ్ళనీ. నేనాగుతాను.”

నేల మీంచి దోతున్ తల పైకి లేచింది. ముక్కు కొసన ఎర్రమట్టి.

“ఇదోవూ! నన్నడగొద్దా?”

“నువ్వు పడుకో!” అన్నాను. “ఆగమంటే ఆగుతావా ఆగవా?”

“ఆగుతాను. కానీ అడగొచ్చు కదా!” అని మళ్ళీ ముక్కు మట్టిలో పెట్టాడు. వాడి స్నేహితులు పడుకునే నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, దాని మీద నవ్వొచ్చింది.

నాయనమ్మ నన్ను చాలాసేపు చూసింది. ఆవిడ చూపులో నాకు కోపం కనబడలేదు. తర్వాత గట్టిగా నిట్టూర్చి, “సరే. లేవండి నాయనా. భోజనం చేసి వెళుదురుగాని,” అంది.

ఒక్కొక్కరే లేచి మట్టి దులుపుకున్నారు. దోతున్ అందరికంటే నెమ్మదిగా లేచాడు. ఒక్క మనిషి మాత్రం లేవలేదు.

“కున్లే,” అంది నాయనమ్మ. “లెమ్మన్నాను.”

“వినబడింది నాయనమ్మా.” అతను నేలని చూస్తూనే మాట్లాడాడు. “ఇప్పటిదాకా తమ్ముడి కోసం పడుకున్నాను. అది అయిపోయింది. ఇప్పుడు నా కోసం పడుకున్నాను.”

వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి. మా అమ్మ చేతిలో రోకలితోనే వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది.

“నీ కోసమా? ఎవర్ని అడుగుతున్నావయ్యా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి తడుముకుంటూ పక్కనున్న డోలు మీదికి వెళ్ళింది. నాయనమ్మ కర్ర చాచి ఆ చెయ్యిని ఆపేసింది.

“డోలుతో కాదు. నోటితో.”

“తైవోని,” అన్నాడు. “తను ఆగొద్దంది. ఆగకుండా ఉండటం నాకు చేతకాలేదు. తను వద్దంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోతాను, మళ్ళీ ఈ వీధిలోకి రాను. డోలు మాత్రం మానను, అది నా ఉద్యోగం.”

ఎవరో కిసుక్కున నవ్వారు. కెహిందే అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నాయనమ్మ ముఖం వికసించడం నేను చూశాను. ఇద్దరన్నదమ్ములు, ఇద్దరక్కచెల్లెళ్ళు, పెద్దవాడికి పెద్దది, చిన్నవాడికి చిన్నది. ఆవిడ మనసులో చిక్కుముడి అప్పుడే విడిపోయింది. లోపల ఇంకో రెండు కుండలు పొయ్యెక్కించమని చెప్పడానికి కూడా సిద్ధపడింది.

“ఏమంటావే తైవో?” అంది.

తైవో అక్క ముందుకొచ్చింది. కున్లే తల పక్కనుంచి నడిచింది, అతని మీద తన నీడ పడింది. నాయనమ్మ కుర్చీ దాటింది. నాన్నని దాటింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

నిలబడి, నెమ్మదిగా, ఎర్రమట్టి మీద రెండు మోకాళ్ళూ ఆనించి కూర్చుంది.

“అక్కా,” అంది నన్ను. “నేను పోయి వచ్చిన ఈ ఏడాదిలో ఇక్కడ ఆరేళ్ళు ఏం జరిగిందో నాకు తెలియదు. అతను ఎలాంటి మనిషయ్యాడో నాకు తెలియదు. నువ్వు చూశావు. అతను మంచివాడా? నేను సరేననొచ్చా? పెద్దదానివి, నువ్వు చెప్పండి.”

నువ్వు అంటూ మొదలుపెట్టి చెప్పండి అంది. మర్యాద కొత్త కదా, నాలుక తడబడింది. మా అక్క నన్ను మన్నించి మాట్లాడటం నా జీవితంలో అదే మొదలు. ఎవరూ బలవంతపెట్టలేదు. నేను వద్దన్నాక, అవసరం తీరాక, తనకి తానుగా వచ్చి కూర్చుంది.

ఇక నేను చేయాల్సింది ఒక్కటే. తన నెత్తిన చెయ్యి పెట్టి, లే తల్లీ అనాలి. పెద్దవాళ్ళు అనే మాట. అది అంటే నేను అక్కని. ఊరంతా సాక్ష్యం. దోతున్ నాకేసి కళ్ళతోనే బతిమాలుతున్నాడు, అనెయ్యి, అనెయ్యి అని. నాన్న పందెం పోయిందని తెలిసి కూడా చిరునవ్వు నవ్వుతున్నాడు.

చెయ్యి ఎత్తాను. తన తల మీద పెట్టబోయాను. అప్పుడు తెలిసింది నాకు, నిన్నటి నుంచి నేను దేనికోసం కొట్లాడుతున్నానో. ఆరేళ్ళు అక్క లేకుండా ఉన్నాను. వారం క్రితమే అక్క దొరికింది. దొరికిన అక్కని చెల్లెలిని చేసుకుని నేనేం చేసుకుంటాను?

మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. తైవో ఎదురుగా, అదే మట్టిలో, నేనూ కూర్చున్నాను. తలగుడ్డ జారి కళ్ళ మీద పడింది.

“నువ్వే చెప్పక్కా,” అన్నాను. “నేను చిన్నదాన్ని.”

“కాదు. నువ్వే చెప్పాలి,” అంది తైవో. తన ముక్కు కారుతోంది.

“నువ్వు లెమ్మనేదాకా నేను లేవను.”

“నువ్వు లెమ్మనేదాకా నేనూ లేవను.”

నాయనమ్మ కుర్చీలో ముందుకు వంగి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. కున్లే నేల మీంచి తల తిప్పి ఒక కంటితో చూస్తున్నాడు. దోతున్‌కి ఏమనిపించిందో ఏమో, అన్న పక్కనే మళ్ళీ సాగిలపడ్డాడు. వాడి వెనకాలే వాడి స్నేహితులు కూడా. అమ్మ రోకలి మీద గడ్డం ఆనించుకుని నిలబడింది.

“మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళని లెమ్మనాల్సింది పెద్దది,” అంది నాయనమ్మ. “అన్నది అక్క. విన్నది చెల్లెలు. ఈ క్షణంలో తేలిపోవాలి. మీలో ఎవరంటారో అనండి.”

తైవో పెదవులు బిగించింది. నేనూ బిగించాను.

“ఎవరో ఒకరు నోరు తెరవండి తల్లీ,” అని మట్టిలోంచి దోతున్ బతిమాలాడు. “నాకు చీమలు కుడుతున్నాయి.”

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అలాగే కూర్చున్నాం.